సముద్రతీర స్టేట్ పార్కులో టెంటుకు మంచి సైటు ఎంచుకోవడం ఎలా?

వేసవి దగ్గర పడుతోందంటే చాలు, కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న: సముద్రం పక్కన టెంటు వేసుకోవడానికి ఏ స్టేట్ పార్కు మంచిది? పార్కు పేరొక్కటి చెబితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ఒకే పార్కులో ఒక సైటులో (టెంటుకు కేటాయించిన, నంబరున్న చోటు) పిల్లలు హాయిగా నిద్రపోతారు, నాలుగు సైట్ల అవతల రాత్రంతా టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది. అందుకే సైటు నంబరు దాకా ఎలా వెళ్లాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఉదాహరణలన్నీ కాలిఫోర్నియావే. మిగతా రాష్ట్రాల్లో బుకింగ్ నియమాలు వేరుగా ఉంటాయి కాని, నేలను, గాలిని చూసే పద్ధతి ఎక్కడైనా ఒకటే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టెంటులో పడుకునేవాళ్లు సముద్రం కనిపించే సైటు కోసం పాకులాడవద్దు. గాలి తగలని సైటు పట్టుకోండి. సముద్రం చూడాలంటే ఐదు పది నిమిషాలు నడిస్తే చాలు. గాలిని తప్పించుకోవడానికి అర్ధరాత్రి పిల్లల్ని లేపి ఎక్కడికి నడుస్తారు?

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- మీ టెంటు పొడవు, వెడల్పు అడుగుల్లో. పెట్టె మీద రాసిన మనుషుల లెక్క నమ్మవద్దు. ఆరుగురి టెంటులో పరుపులు, సంచులతో కలిపి నలుగురు సుఖంగా పడుకోగలరు. తాళ్లు లాగి కట్టడానికి చుట్టూ మరో మూడు నాలుగు అడుగులు కలుపుకోండి.
- ఎంతమంది వస్తున్నారు, ఎన్ని కార్లు అన్న కచ్చితమైన లెక్క. మామూలు సైటుకు ఎనిమిది మందే పరిమితి.
- స్టేట్ పార్కుల బుకింగ్ జరిగే రిజర్వ్ కాలిఫోర్నియా వెబ్‌సైట్లో ముందే తెరిచిపెట్టుకున్న ఖాతా.
- ఆ పార్కు క్యాంప్‌గ్రౌండ్ మ్యాపు. పార్కు పేజీలోనే దొరుకుతుంది.
- ఉపగ్రహ చిత్రం చూపే మ్యాపు ఏదైనా.
- వెళ్లే రోజుకు: టెంటు కింద పరిచే పట్టా, ఇసుకలో పట్టు నిలిచే పొడవాటి వెడల్పు మేకులు, అదనపు తాడు, సుత్తి, హెడ్‌ల్యాంపు.

1. ముందు నెల చూడండి, తరువాత పార్కు

శాన్ హోసేలోనో ఫ్రీమాంట్‌లోనో ఎండ మండిపోతుంటే, కొండ దాటి తీరానికి వెళ్తే అంతా పొగమంచు. ఉత్తర, మధ్య తీరంలో జూన్, జూలై నెలల్లో ఇది మామూలే. మధ్యాహ్నానికి కూడా తెరిపి ఇవ్వని రోజులుంటాయి. రాత్రి ఉష్ణోగ్రత వేసవిలోనూ 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ దాకా దిగిపోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే ఈ సంగతి ముందే చెప్పండి. బీచ్ అనగానే పలచని బట్టలు సర్దుకుంటారు.

ఈ తీరంలో ఎండ, వెచ్చదనం ఎక్కువగా దొరికేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. వాయవ్యపు గాలి వసంతంలోను, వేసవి మొదట్లోను ఎక్కువ, మధ్యాహ్నం తరువాత మరీ ఎక్కువ. చలికాలంలో తుపాను అలలు కొండచరియలను కోస్తాయి, బీచ్‌కి దిగే మెట్లు కూడా ఒక్కోసారి మూతబడతాయి. సెలవులు వేసవిలోనే ఉంటే వెళ్లకూడదని కాదు. అప్పుడు రెండో అంచె ఇంకా జాగ్రత్తగా చదవండి.

2. పార్కు గాలికి ఎదురుగా ఉందా, చాటున ఉందా?

వేసవి గాలి వాయవ్యం నుంచి వస్తుంది కాబట్టి, వాయవ్యంలో కొండో అడవో అడ్డంగా ఉన్న పార్కు మేలు. మ్యాపులో తీరరేఖ ఎటు తిరిగిందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

హాఫ్ మూన్ బేలోని ఫ్రాన్సిస్ బీచ్ క్యాంప్‌గ్రౌండ్ నేరుగా పడమటి సముద్రానికి ఎదురుగా, చెట్ల నీడ పెద్దగా లేకుండా ఆరుబయట ఉంటుంది. అలల చప్పుడు వింటూ పడుకోవచ్చు, గాలినీ భరించాలి. శాంటా క్రజ్ దాటాక క్యాపిటోలా దగ్గరున్న న్యూ బ్రైటన్ బీచ్ మాంటెరే అఖాతపు ఉత్తరపు ఒడ్డున, చెట్ల మధ్య, ఎత్తు గట్టు మీద ఉంటుంది. తీరం అక్కడ దక్షిణం వైపు తిరిగి ఉండడంతో గాలి ఉద్ధృతి తగ్గుతుంది. మొదటిసారి టెంటు వేసే కుటుంబానికి నేను చెప్పేది ఇదే. ఇంకా కిందికి వెళ్తే వాట్సన్‌విల్ దగ్గర సన్‌సెట్ బీచ్. అక్కడ పైన్ చెట్ల మధ్య ఉన్న పైన్ హాలో భాగాన్ని ముందు చూడండి.

ఉత్తరాన మెండొసీనో తీరంలో రష్యన్ గల్చ్ క్యాంప్‌గ్రౌండ్ ఒక లోయలో ఉంది. గాలి తగలదు. ఎండ కూడా తక్కువే తగులుతుంది, తడి బట్టలు ఆరవు. మరీ ఉత్తరాన ప్రెయిరీ క్రీక్ పార్కులోని గోల్డ్ బ్లఫ్స్ బీచ్ అందానికి సాటి లేదు, రూజ్‌వెల్ట్ ఎల్క్ అనే పెద్ద జింకల మందలు టెంట్ల పక్కనే మేస్తుంటాయి. కాని దారి మట్టిరోడ్డు, సైట్లు ఆరుబయట. రెండు మూడుసార్లు టెంటు వేసి చేయి తిరిగాక వెళ్లవలసిన చోటు అది. ట్రినిడాడ్ దగ్గరి స్యూ-మెగ్ పార్కులో సైట్ల మధ్య దట్టమైన పొదలు, చెట్లు ఉంటాయి. దీని పాత పేరు పాట్రిక్స్ పాయింట్. పేరు 2021లో మారింది. పాత వ్యాసాలు చదివి ఆ పేరుతో వెతికేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

ఎలా సరిచూసుకోవాలి? ఉపగ్రహ చిత్రంలో సైట్ల దగ్గర చెట్ల నీడలు చూడండి. నీడ పొడవుగా ముదురుగా పడితే అక్కడ ఎత్తయిన చెట్లున్నట్టు. నీడే లేని పచ్చదనం మోకాలెత్తు పొద కావచ్చు, అది గాలిని ఆపదు. తరువాత నేల మీంచి తీసిన ఫొటోలు చూడండి. సైప్రస్ చెట్లన్నీ ఒకే వైపు వాలి, సముద్రం వైపు కొమ్మలే లేకుండా ఉంటే అక్కడ ఏడాది పొడవునా గాలి ఎలా ఉంటుందో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

3. ఆ సైటులో టెంటు వేయనిస్తారా?

బుకింగ్ పేజీలో ఖాళీ కనిపించగానే నొక్కేస్తారు. అది ఆర్వీలకు, అంటే లోపలే పడుకునే ఏర్పాటున్న పెద్ద వాహనాలకు మాత్రమే కేటాయించిన సైటు కావచ్చు. తారు పరిచిన స్థలంలో మేకు ఎక్కడ కొడతారు? సైటు వివరాలు తెరిచి రకం చదవండి. సైకిల్ మీదో నడిచో వచ్చేవాళ్ల సైట్లు కారులో వచ్చేవాళ్లకు ఇవ్వరు. వికలాంగులకు కేటాయించిన సైట్లు అవసరం ఉన్నవాళ్లకే వదిలేయండి.

నడిచి వెళ్లే సైట్లు వేరే రకం. ఉదాహరణకు మాన్‌రేసా అప్‌లాండ్స్‌లో టెంట్లకే చోటు. కారు ఒకచోట నిలిపి సామాను మోసుకెళ్లాలి. పెద్ద కుక్కరు, గ్యాస్ స్టవ్వు, నాలుగు కుర్చీలు లేకుండా కదలలేనివాళ్లకు ఇది శిక్ష. తక్కువ సామానుతో వెళ్లేవాళ్లకు మాత్రం వరం: పక్కన ఆర్వీల జనరేటర్ల మోత ఉండదు.

హెచ్చరిక: పిస్మో దగ్గర పేర్లు చూసి మోసపోవద్దు. పిస్మో స్టేట్ బీచ్‌లో నార్త్ బీచ్, ఒషియానో అనే రెండు మామూలు క్యాంప్‌గ్రౌండ్లున్నాయి. పక్కనే ఒషియానో డ్యూన్స్ ఉంది. అది వేరు. అక్కడ ఇసుక మీదే కారు నడుపుకుంటూ వెళ్లి టెంటు వేసుకోవాలి. ఫోర్ వీల్ డ్రైవ్ లేని మినీవ్యాన్‌తో దిగితే చక్రాలు కూరుకుపోయి, లాగే బండి కోసం ఎదురుచూస్తూ సాయంత్రం గడిచిపోతుంది.

4. మ్యాపు మీద నంబర్లు ఏరండి

ఇక్కడ తొందరపడవద్దు, అరగంట కేటాయించండి. క్యాంప్‌గ్రౌండ్ మ్యాపు ఒక పక్క, ఉపగ్రహ చిత్రం మరో పక్క పెట్టుకుని ఒక్కో సైటు చూస్తూ వెళ్లండి.

మరుగుదొడ్డికి మరీ ఆనుకుని ఉన్న సైటు వద్దు. రాత్రంతా తలుపు చప్పుడు, దీపం వెలుగు, మీ సైటు మధ్యలోంచి అడ్డదారిన వెళ్లే జనం. మరీ దూరమూ వద్దు, చిన్నపిల్లలుంటే అర్ధరాత్రి ఆ నడక తెలుస్తుంది. రెండు మూడు సైట్ల అవతల ఉంటే సరిగ్గా సరిపోతుంది.

చెత్త డబ్బాల పక్క సైటుకు రాత్రిపూట తిండి వెతుక్కునే రకూన్లు అనే జంతువుల రాకపోకలు ఎక్కువ. ఆర్వీలు మురుగునీరు వదిలే చోటు మ్యాపులో గుర్తు పెట్టి ఉంటుంది, దానికి దూరంగా ఉండండి. సైట్ల మధ్య చుట్టూ తిరిగే దారిని లూపు అంటారు. లూపు ప్రవేశం దగ్గరి సైట్ల మీదుగా ప్రతి కారూ వెళ్తుంది, హెడ్‌లైట్లు టెంటు మీదే పడతాయి. లూపు చివర, బయటివైపు అంచున ఉన్నవాటికి ఒక పక్క పొరుగువాళ్లుండరు. నా మొదటి ఓటు వాటికే.

రైలు, రోడ్డు కూడా చూడాలి. శాంటా బార్బరా తీరంలోని గవియోటా, రెఫ్యూజియో, ఎల్ కాపిటన్, కార్పింటేరియా పార్కుల పక్కనుంచే రైలు పట్టాలు వెళ్తాయి. రాత్రిపూట గూడ్సు బండి వస్తే లేవనివాడు ఉండడు. అక్కడే బుక్ చేయాలనుకుంటే పట్టాలకు దూరంగా సముద్రం వైపున్న నంబర్లు చూడండి, ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి.

చివరగా గట్టు అంచు సైట్లు. బుకింగులో ముందు అయిపోయేవి ఇవే. చిన్నపిల్లలుంటే వీటిని పట్టిక నుంచి కొట్టేయండి. కంచె అవతల చరియ అంచు మెత్తగా ఉంటుంది, విరిగిపడుతుంది.

ఇలా చూసి ఐదారు నంబర్లు ఇష్టం వచ్చిన వరుసలో కాగితం మీద రాసుకోండి. ఒకే ఒక్క నంబరు మీద ఆశ పెట్టుకుంటే బుకింగ్ తెరుచుకునే ఉదయం ఎనిమిదింటికి నిరాశే మిగులుతుంది.

5. బుకింగ్

కాలిఫోర్నియా పార్కుల్లో సాధారణంగా దిగే తేదీకి ఆరు నెలల ముందు, పసిఫిక్ కాలమానం ఉదయం 8 గంటలకు సైట్లు తెరుచుకుంటాయి. జూలై 15న దిగాలంటే జనవరి 15న కూర్చోవాలి. వేసవి వారాంతాలకు మంచి సైట్లు క్షణాల్లో పోతాయి. ముందే లాగిన్ అయి, పార్కు, తేదీలు ఎంచుకుని సిద్ధంగా ఉండండి. మొదటి నంబరు పోతే బాధపడుతూ కూర్చోకుండా రెండోది నొక్కండి.

దొరకలేదా? జనం ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు రద్దు చేసుకుంటూనే ఉంటారు. రోజూ ఒకసారి చూడండి. శుక్ర, శని వారాలు వదిలేసి ఆదివారం రాత్రికి చూస్తే చోటు సులువుగా దొరుకుతుంది, సోమవారం సెలవు పెట్టుకోగలిగితే ఇదే నా సలహా. రద్దు నియమాలు చదివే డబ్బు కట్టండి.

నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్తుంటే పక్కపక్క సైట్లు కావాలి. అందరూ ఎవరికి వాళ్లే బుక్ చేయబోతే చెల్లాచెదురవుతారు. ఎవరు ఏ నంబరు నొక్కాలో ముందురోజే పంచుకోండి, లేదా గ్రూప్ సైటు ఉన్న పార్కు చూడండి. ఎనిమిది మందికి మించి ఒకే సైటులో రాత్రి ఉండనివ్వరు. ఒకే సైటు తీసుకుని ముగ్గురి ఇళ్లవాళ్లు సర్దుకుందామనుకోవద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నిశ్శబ్దం పాటించాలి. అంత్యాక్షరి అంతకుముందే ముగించండి.

సరిచూసుకోండి: వచ్చిన ఈమెయిల్లో పార్కు పేరు, క్యాంప్‌గ్రౌండ్ పేరు, సైటు రకం, నంబరు, తేదీలు ఐదూ చదవండి. వెళ్లే వారం పార్కు పేజీలో మూసివేతల నోటీసు చూడండి. వాతావరణం చూసేటప్పుడు ఊరి పేరుతో వెతికితే లోపలి ఊరి లెక్క వస్తుంది. నేషనల్ వెదర్ సర్వీసు మ్యాపులో సరిగ్గా క్యాంప్‌గ్రౌండ్ మీద నొక్కి చూడండి. గాలి గంటకు 25 మైళ్లు దాటుతుందని ఉంటే, ఎత్తుగా నిలబడే పెద్ద టెంటుతో ఆరుబయటి సైటుకు వెళ్లకపోవడమే మంచిది.

6. దిగగానే సామాను దించవద్దు

చెక్ ఇన్ సాధారణంగా మధ్యాహ్నం రెండింటికి. వెలుతురుండగానే చేరుకోండి. కారు ఆపి, డిక్కీ తెరవకుండా సైటంతా ఒకసారి తిరగండి. చూడవలసినవి ఇవి:

పైన: ఎండిన కొమ్మలు వేలాడుతున్నాయా? యూకలిప్టస్ గాలి లేనప్పుడు కూడా కొమ్మలు రాల్చే చెట్టు. దాని కొమ్మల కింద టెంటు వద్దే వద్దు.

కింద: చుట్టుపక్కల కంటే పల్లంగా, గట్టిపడి, బీటలు వారిన మట్టి కనిపిస్తే అక్కడ నీళ్లు నిలిచాయన్నమాట. మధ్యాహ్నం అదే అన్నిటికంటే చదునుగా, శుభ్రంగా కనిపిస్తుంది. చాలామంది అక్కడే వేస్తారు. కొంచెం మెరక మీదికి జరగండి.

పక్కన: మూడేసి ఆకుల గుత్తులతో, మెరుస్తూ, ఎండాకాలం చివర ఎర్రబడే పొద పాయిజన్ ఓక్. తాకితే దద్దుర్లు. చలికాలంలో ఆకులు రాలి ఉత్త పుల్లలున్నా దురద పెడుతుంది. పిల్లలకు ముందే చూపించండి. టెంటు సైటులోని ఖాళీ నేల మీదే వేయాలి, మొక్కల మీద కాదు.

నిప్పు గుంట: గాలి ఎటునుంచి వస్తోందో చూసి, టెంటును గాలి వచ్చే వైపుకు, గుంటకు కనీసం పదిహేను అడుగుల దూరంలో వేయండి. ఒక్క నిప్పురవ్వ నైలాను గుడ్డలో రంధ్రం చేస్తుంది.

ఇప్పుడు పట్టా పరిచి దాని మీద వెల్లకిలా పడుకోండి. నవ్వకండి, నిజంగానే పడుకోండి. తల బరువెక్కినట్టుంటే అటువైపు పల్లం, తల రెండో వైపుకు మార్చండి. పక్కకు దొర్లుతున్నట్టుంటే చోటు మార్చవలసిందే. నీళ్ల సీసా అడ్డంగా పెట్టి చూసినా తెలుస్తుంది కాని, వీపు కింద గుచ్చుకునే వేరు సంగతి సీసా చెప్పదు.

7. టెంటు నిలబెట్టడం

టెంటు సన్నటి వైపు గాలికి ఎదురుగా, గుమ్మం గాలి రాని వైపు ఉండాలి. వెడల్పు వైపు గాలికి పెడితే టెంటు తెరచాపలా ఉబ్బి మేకులు లాగేస్తుంది. గాలి వచ్చే వైపు రెండు మూలలకు ముందు మేకులు కొట్టి, తరువాతే కర్రలు ఎత్తండి. ముందే కర్రలెత్తితే టెంటు పక్క సైటుకు ఎగిరిపోతుంది.

మేకు తల టెంటుకు దూరంగా వాలేలా ఏటవాలుగా కొట్టండి. వేలితో గట్టిగా లాగితే ఊడిపోయేంత వదులు ఇసుకైతే మామూలు సన్నటి మేకులు పనికిరావు. వెడల్పు మేకులు లేకపోతే గుడ్డ సంచుల్లో ఇసుక నింపి టెంటు లోపలి నాలుగు మూలల్లో పెట్టండి. నీళ్ల క్యాన్లయినా సరే. చెట్లకు తాళ్లు కట్టే ముందు క్యాంప్ హోస్టును (అక్కడే ఉండి సైట్లు చూసుకునే మనిషిని) అడగండి, చాలాచోట్ల ఒప్పుకోరు.

పట్టా అంచులు టెంటు బయటికి కనబడకూడదు. బయటికి ఉంటే దాని మీద పడిన మంచు నీరంతా టెంటు కిందికే పారుతుంది. పైకప్పు గుడ్డ వానలేదు కదా అని వదిలేయవద్దు. తీరంలో పొగమంచు రాత్రి చెట్ల ఆకులకు పట్టి చుక్కలు చుక్కలుగా కారుతుంది.

తిండి సామాను సైటులోని లాకర్లో పెట్టి గొళ్లెం వేయండి. పులిహోర డబ్బా, పళ్లు, టూత్‌పేస్టు కూడా. టెంటులో దాస్తే రకూన్ గుడ్డ చింపుకుని వస్తుంది. కట్టెలు ఇంటినుంచి తేవద్దు, పార్కులోనే కొనండి. కట్టెలతో పాటు చెట్ల తెగుళ్లు ప్రయాణిస్తాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలు ఏరి కాల్చే ముందు కూడా ఆ పార్కు నియమం కనుక్కోండి.

8. సరిగ్గా కుదిరిందా?

చీకటి పడేలోగా ఒక్కో తాడును మీటి చూడండి. వదులుగా ఉంటే బిగించండి. నైలాను తాళ్లు తడికి సాగుతాయి కాబట్టి పడుకోబోయే ముందు మరోసారి. గాలివైపు గుడ్డను అరచేత్తో నొక్కితే లోపలి పొరకు అంటుకోకూడదు. అంటుకుంటే ఆ వైపు తాడు ఇంకా లాగాలి.

తెల్లవారాక లోపలి గోడలు తడిగా ఉంటే వాన దూరిందని కంగారుపడకండి. చాలావరకు మన ఊపిరి తేమే. చలి అని గాలి కిటికీలన్నీ మూసేస్తే ఇలాగే అవుతుంది, రెండు వైపులా కొంచెం తెరిచి ఉంచండి. పరుపు కింద తడి ఉంటే అది పట్టా తప్పో, పల్లం తప్పో. రెండో రాత్రి ఉంటే చోటు మార్చండి.

రాత్రి గాలి మరీ విజృంభిస్తే పంతానికి పోవద్దు. కర్రలు తీసేసి టెంటును నేలకు పరిచి, మీద బరువులు పెట్టి, మీ సైటులో ఆపిన కారులో పడుకోండి. సైటు మరీ బాగా లేకపోతే ఉదయం హోస్టును కలవండి. ఖాళీ ఉంటే మార్చడానికి దారి చెబుతారు.

బీచ్‌కి దిగేటప్పుడు ఒక్క మాట: ఈ తీరంలో ఉన్నట్టుండి పెద్ద అల మీదికి వచ్చి మనిషిని లాక్కుపోతుంది. నీళ్లు వణికించేంత చల్లన. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగవద్దు, పిల్లల్ని చేయి అందే దూరంలోనే ఉంచండి.

తిరుగు ప్రయాణం రోజు మధ్యాహ్నం పన్నెండింటికల్లా సైటు ఖాళీ చేయాలి. ఉదయం టీ తాగుతూ లూపు మొత్తం ఒక చుట్టు చుట్టి రండి. ఏ సైటులో నేల చదునుగా ఉంది, ఏది పొదల చాటున ఉంది, ఎవరి టెంటు గుడ్డ గాలికి కదలకుండా ఉంది, ఆ నంబర్లు ఫోన్లో రాసుకోండి. ఆరు నెలల తరువాతి తేదీకి బుకింగ్ ఆ ఉదయం ఎనిమిదింటికే తెరుచుకుంటుంది.